అత్తమ్మ డబ్బాలో పది లక్షలు

ఆదివారం పొద్దున్నే ఫోన్. చూస్తే మా మేనత్త. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పండక్కి తప్ప చేయదు, చేసినా మిస్డ్ కాలే. అలాంటిది ఆరోజు నేను స్నానం చేసి వచ్చేలోపు నాలుగుసార్లు చేసింది. గుండె ఝల్లుమంది. ఈ వయసువాళ్ల దగ్గర్నుంచి పొద్దున్నే ఫోన్ వస్తే మనం ఏం ఊహించుకుంటామో మీకు తెలుసుగా.

"అల్లుడా, నువ్వు బ్యాంకుల పైసలు లెక్కపెట్టినోడివి గదా. వైష్ణోదేవి బిళ్ల పది లక్షలు పలుకుతదట. నిజమేనా?"

అమ్మయ్య అనుకున్నాను. "కాదత్తమ్మా, అదంతా ఉత్త మాట" అన్నాను నవ్వుతూ.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అంది, "అట్లనా... నాది అమ్ముడుపోయింది గద మరి."

"అమ్ముడుపోవడమేంటి? డబ్బులు వచ్చాయా?"

"ఇంక రాలే. ముందుగాల నేనే కట్టిన."

అప్పుడాగిపోయింది నా నవ్వు.

సంగతేమిటంటే, మనవడు ఫోన్లో ఏదో వీడియో చూపించాడు. ఫలానా నాణెం ఉంటే పది లక్షలు, వెంటనే ఈ నంబరుకు ఫోటో పంపండి అని. అత్తమ్మ దగ్గర ఆ అయిదు రూపాయల బిళ్ల ఉంది. ఫోటో పంపారు. పావుగంటలో ఫోన్ వచ్చింది. మర్యాదగా మాట్లాడాడట, 'అమ్మా అమ్మా' అన్నాడట. రిజిస్ట్రేషన్‌కి 1,250 అన్నాడు, కట్టారు. మర్నాడు జీఎస్టీ అని 8,500 అన్నాడు. అదీ కట్టారు. తర్వాత రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితమొకటి వాట్సాప్‌లో వచ్చింది. క్లియరెన్స్ కోసం 18,000 కడితే సాయంత్రానికి పది లక్షలు ఖాతాలో పడతాయని. అక్కడ అత్తమ్మకి చేతిలో డబ్బు అయిపోయి నేను గుర్తొచ్చాను. ఆ మొదటి 9,750 ఆవిడ కంటి ఆపరేషన్‌కని దాచుకున్నవి.

బస్సెక్కి జనగామ దగ్గరి ఆ ఊరికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ముందు చేసిన పని 1930కి ఫోన్ చేయడం. సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న నంబరు అది. డబ్బు పోయిందని తెలిసిన గంటల్లోనే చేస్తే, అవతలి ఖాతాలో ఇంకా ఉంటే ఆపగలుగుతారు. మాకప్పటికే అయిదు రోజులు దాటింది. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. డబ్బు మాత్రం ఇది రాసేనాటికి రాలేదు.

ఆ వైష్ణోదేవి నాణెం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. శ్రీ మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి 2012 సంవత్సరంతో ప్రభుత్వం అయిదు రూపాయలు, పది రూపాయల బిళ్లలు వేసింది. మామూలు చలామణిలోకి వదిలినవే. కూరగాయల బండి దగ్గర చిల్లరగా వచ్చినవే. బాగున్న బిళ్లకి ఎవరైనా సేకరించేవాళ్లు దాని ముఖవిలువ మీద కాస్త ఎక్కువ ఇస్తారేమో. అంతకుమించి ఏమీ లేదు. ఇక రిజర్వు బ్యాంకు సంగతా? పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడం తమ పని కాదనీ, అందుకోసం ఎవరి దగ్గరా చార్జీ గాని కమీషన్ గాని అడగమనీ, తమ పేరూ ముద్రా వాడుకుని మోసాలు జరుగుతున్నాయనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని, అమ్మేవాళ్ల దగ్గర తీసుకోవడమేమిటి? అంగట్లో మేకను అమ్మడానికి పోతే కొనేవాడు 'ముందు నువ్వు నాకు రెండు వేలివ్వు' అంటే ఇస్తామా? ఈ మాటే అత్తమ్మతో అన్నాను. "మేకనైతే నాకు ఎర్కే. గీ బిళ్లల సంగతి నాకేం ఎర్క?" అంది. నిజమే కదా.

అందుకే ఆరోజు సాయంత్రం కూర్చుని ఆవిడ డబ్బా అంతా పోయించాను. పాత బిస్కెట్ల రేకు డబ్బా. మా మామకి ఒకప్పుడు ఊళ్లో కిరాణా దుకాణం ఉండేది. ఆయన పోయాక గల్లాపెట్టెలో మిగిలినవీ, అంతకుముందు అత్తగారు ఇచ్చినవీ, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవీ అన్నీ అందులోనే. చేటలో పోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టాం.

మొదట అత్తమ్మ ఏం చేసిందంటే, అన్నిటికంటే పాతగా కనిపించినవి ఒక పక్కకు పెట్టింది. అందరం చేసే పొరపాటే. నాణెం ధరకీ వయసుకీ నేరుగా సంబంధం లేదు. మన కోటిలింగాల చుట్టుపక్కల శాతవాహనుల నాణేలు ఎన్నో దొరికాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. అయినా వాటిలో మామూలు రకం సీసపు నాణేలు బజార్లో చవగ్గానే ఉంటాయి. అదే 1939లో బొంబాయిలో కొట్టిన ఆరో జార్జి వెండి రూపాయి ఒకటి ఉంటే, దాని ముందు ఇవి ఏ మూలకీ రావు. ఎందుకు? అంతకుముందు ఏడాది 1938 రూపాయలు బోలెడు మిగిలాయి, 1939వి చాలా కొద్దిగానే మిగిలాయి. మరుసటి ఏడాది నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించేశారు. ఎన్ని కొట్టారు అన్నది కాదు, ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఎంత బాగున్నాయి, వాటిని కోరుకునేవాళ్లు ఎందరు. ఈ మూడే ధరని తేలుస్తాయి.

అందుకే 1938ని 1939గా మార్చేవాళ్లు కూడా ఉన్నారు. 8 అంకెని సన్న ఉలితో చెక్కి 9 చేస్తారు. భూతద్దంలో చూస్తే ఆ అంకె చుట్టూ లోహం గీరినట్టు, మిగతా అంకెలకంటే సన్నగా తెలిసిపోతుంది. మీకెవరైనా 1939 చూపిస్తే ముందు ఆఖరి అంకెనే చూడండి.

ఇక వెండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన కంపెనీ, బ్రిటిష్ రూపాయలన్నీ 11.66 గ్రాముల బరువు, నూటికి 91.7 పాళ్లు వెండి. మన తెలంగాణలో పెద్దవాళ్లు 'కల్దార్' అనేది వీటినే. 1940 నుంచి 1945 దాకా అదే బరువు, కానీ సగమే వెండి. 1947కి వెండే లేదు, శుద్ధ నికెల్. 1947 రూపాయి మీద ఒక పక్క ఆరో జార్జి, ఇంకో పక్క పులి ఉంటుంది. అది ఆఖరి బ్రిటిష్ రూపాయి కాబట్టి లక్షలని ప్రచారం. చాలా ఇళ్లలో ఉంటుందది. అత్తమ్మ దగ్గరే మూడున్నాయి. అయస్కాంతం పెడితే టప్పున అతుక్కున్నాయి. వెండి అతుక్కోదు. వెండి రూపాయి అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బొమ్మ చాలు మొదటి పరీక్షకి.

రెండో పరీక్షకి చిన్న డిజిటల్ కాటా కావాలి. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నాకి తేవాలి. రూపాయిని దారానికి కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో మునిగేట్టు వేలాడదీయాలి. అసలు 11.66 గ్రాముల కల్దార్ అయితే కాటా మీద 1.13 గ్రాముల దగ్గర్లో చూపిస్తుంది. ఇత్తడి మీద వెండిపూత వేసిన దొంగ నాణెమైతే, అంతే బరువుకి 1.3 దాటిపోతుంది. మా మనవడు దీన్ని చూసి మేజిక్ అన్నాడు. సైన్సు పుస్తకంలో ఉన్నదే బాబూ అన్నాను.

ఒక కల్దార్ కనీస ధర ఎంతంటారా? అందులో శుద్ధమైన వెండి పది గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఆరోజు వెండి రేటుతో గుణించుకోండి. అంతకన్నా తక్కువకి అడిగేవాడికి ఇవ్వకండి. అంతకన్నా ఎంత ఎక్కువ అనేది నాణెం ముఖం చూసి చెప్పాల్సిన మాట.

అత్తమ్మ డబ్బాలో ఆవిడ అన్నిటికంటే గొప్పగా చూసుకునేది ఒక నిజాం రూపాయి. చార్మినార్ బొమ్మ ఉన్నది. "ఇది ఏడొందల ఏండ్ల కిందిది" అంది. ఎలా తెలుసంటే, ఉర్దూ వచ్చిన పెద్దాయన ఒకరితో చదివించిందట. దాని మీద 1337 అని ఉంది. ఆయన చదివింది తప్పు కాదు. కానీ అది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కలోకి దగ్గరగా వస్తుంది. అంటే 1918-19. అసలు చార్మినార్ కట్టిందే 1591లో కదా, 1337లో దాని బొమ్మ నాణెం మీదకి ఎట్లా వస్తుందత్తమ్మా అంటే, "అవు గదా!" అని ఆవిడే పడీపడీ నవ్వింది.

ఈ చార్మినార్ రూపాయల్ని చదవడం సరదాగా ఉంటుంది. మధ్య కమానులో, అంటే చార్మినార్ వాకిట్లో, ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. వాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తొలి రోజుల్లో ఆ ఐన్ సగమే పడ్డవీ, తర్వాత పూర్తిగా పడ్డవీ వేర్వేరు రకాలుగా లెక్క. ఆ తేడాని బట్టే సేకరించేవాళ్లు ఏరుకుంటారు. ఈ నాణేలు సైఫాబాద్ టంకశాలలో కొట్టినవి. అదే ఇప్పుడు మ్యూజియం అయింది, 2022లో తెరిచారు. హైదరాబాద్‌లో ఉండి చూడకపోతే ఒకసారి వెళ్లండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలోనూ నాణేల గది ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే మంచిది, కానీ వాళ్లు మమ్మీ దగ్గర్నుంచి ఇటు రావడం కష్టం.

సరే, ఆ రూపాయిని చేతిలోకి తీసుకుని చూసి నా ప్రాణం ఉసూరుమంది. తళతళా మెరిసిపోతోంది. వందేళ్లు దాటిన వెండి అలా మెరవదు.

"తోమినవా అత్తమ్మా?"

"ఫోటో మంచిగ రావాలె, తోమి పంపుమన్నడు వాడు. చింతపండు పెట్టి తోమిన, పోలే. గిన్నెలు తోమే పొడి పెట్టి గట్టిగ రుద్దిన."

ఆ 9,750 కన్నా ఇది నాకు ఎక్కువ బాధ కలిగించింది. వెండి మీద ఏళ్ల తరబడి పట్టే నలుపు మురికి కాదు. దాని మీద మెల్లగా ఏర్పడిన పొర. దాని కింద ఉన్న అచ్చు గీతలకి అదే కాపు. తోమినప్పుడు దానితోపాటు పైన ఉన్న సన్నని లోహం కూడా పోతుంది. భూతద్దంలో చూస్తే ఒకే వైపుకి వందల గీరలు కనిపిస్తాయి. నాణేల వ్యాపారికి ఆ గీరలు చూడటానికి ఒక్క క్షణం పట్టదు. మంచి నాణెం తోమితే సగానికి సగం ధర పడిపోవడం నేను కళ్లారా చూశాను. లక్ష్మీపూజకి పాత రూపాయలు తోమి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. పూజకి ఒకటి వేరేగా ఉంచుకుని అదే ప్రతి ఏడూ తోముకోండి, మిగతావాటిని వదిలేయండి. మట్టి ఉంటే ఉత్త నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరబెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, కొన్నేళ్లకి పచ్చగా జిగురు పడుతుంది. కాగితం పొట్లం మేలు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు వేయొద్దు.

డబ్బాలో ఇంకొక విలువైనది బయటపడింది, కానీ అదీ గాయపడ్డదే. 1911 రూపాయి. అయిదో జార్జి మొదటి ఏడాది. రాజుగారి వస్త్రం మీద ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. చెక్కినవాడు తొండాన్ని మరీ పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించింది. జనంలో అలజడి రేగింది, ముఖ్యంగా ముస్లింలు తీవ్రంగా అభ్యంతరపెట్టారు. ప్రభుత్వం ఆ రూపాయల్ని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసింది. 1912లో తొండం స్పష్టంగా కనిపించేట్టు దిద్దింది. అందుకే 1911ది కనిపిస్తే సేకరించేవాళ్లు ఆగిపోతారు. 'పంది రూపాయి' అనే అంటారు దాన్ని. టంకశాలలో యంత్రం చేసిన తప్పు కాదిది, మనిషి చెయ్యి చేసిన తప్పు. అత్తమ్మదానికి పైన చిన్న కొండీ అతికించి ఉంది. మెడలో వేసుకోవడానికి. ఒకసారి కాలిన లోహం, అతుకు పడ్డ అంచు. వ్యాపారి దాన్ని వెండి లెక్కనే తీసుకుంటాడు. ఆ మాటంటే ఆవిడ తేలిగ్గా తీసుకుంది. "మా అమ్మ నా పెండ్లిల మెడలేసింది. దాన్నెవడు అమ్ముతడు" అని కొంగుకి కట్టేసుకుంది.

మిగతా చిల్లర త్వరగా అయిపోయింది. చిల్లు కానీలు ఎనిమిది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1943 నుంచి వచ్చినవి, చాలా ఇళ్లలో ఉంటాయి. 1957 తర్వాతి నయా పైసలు గుప్పెడు. ఇత్తడి రంగు 20 పైసలు నాలుగు. మా చిన్నప్పుడు వాటిలో బంగారం కలిసిందని పుకారు లేపి ఊళ్లో ఉంగరాలు చేయించుకున్నవాళ్లున్నారు. బంగారం లేదు, ఏమీ లేదు. ఒక అంచులు వంకీలు తిరిగిన అణా బిళ్ల ఉంది, దాని మీద వేరే లిపులతోపాటు తెలుగులో కూడా అణా అని రాసి ఉంటుంది. ధర పెద్దగా లేకపోయినా నాకు ఇష్టమైన నాణెం అది. బ్రిటిష్‌వాడి నాణెం మీద మన అక్షరం! ఆవిడని అడిగి అది ఒక్కటి తెచ్చుకున్నాను.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 అని ఈస్టిండియా కంపెనీ పేరు ఉన్న రాగి బిళ్ల కూడా ఒకటి తగిలింది. ఇవి కంపెనీ కొట్టినవి కావు. మద్రాసులో కంపెనీ కొట్టిన వరహాల మీద విష్ణువూ గోపురమూ ఉండేవి, నిజమే. కానీ హనుమంతుడితో, రామదర్బారుతో వచ్చే ఈ 1818 అణాలు తర్వాత ఎవరో అచ్చు వేసుకున్న బిళ్లలు. బియ్యాన్ని లాగుతాయని చెప్పి లక్షలు గుంజే 'రైస్ పుల్లింగ్' మోసాల్లోకి ఎక్కువగా దిగేవి ఇవే. రెండు రాష్ట్రాల్లోనూ ఈ కేసులు పేపర్లో చదువుతూనే ఉంటాం, అయినా ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. ఏ లోహమూ బియ్యాన్ని లాగదండీ. బియ్యంలో ఇనుప రజను కలిపి, అడుగున అయస్కాంతం పెడితే లాగుతుంది.

అన్నీ అయ్యాక చేటలో ఒక మూలన ఒక పది పైసల బిళ్ల మిగిలింది. అల్యూమినియంది, అంచు పూరేకుల్లా ఉండేది. దాన్ని నేను తీసేలోపే అత్తమ్మ అడ్డుపడింది. "అది చెల్లని పైస. పారెయ్యి" అని.

తిప్పి చూశాను. ఒక పక్క సింహాలు మామూలుగానే ఉన్నాయి. ఇంకో పక్క 10 అంకె ఉండాల్సిన చోట అవే సింహాలు, అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారై, లోపలికి గుంటపడి ఉన్నాయి. నా చెయ్యి వణికింది అంటే అతిశయోక్తి అనుకోకండి. ముప్పై ఏళ్లు బ్యాంకులో చిల్లర సంచులు విప్పాను. ఇలాంటిది మహా అయితే రెండుసార్లు చూశానేమో.

ఇది ఎలా జరుగుతుందంటే, మన వంటింటి లెక్కలో చెబుతాను. నాణేల తయారీ పూరీలు చేసినట్టే. లోహాన్ని రేకుగా సాగదీస్తారు. గ్లాసుతో పిండి కోసినట్టు గుండ్రని బిళ్లలు కోస్తారు. అంచు లేపుతారు. చివరికి కిందొక అచ్చూ పైనొక అచ్చూ పెట్టి, చుట్టూ ఒక కట్టు వేసి ఒక్క దెబ్బ వేస్తారు. ఎక్కడ తప్పు జరిగితే దాని గుర్తు అక్కడే పడుతుంది. పిండి కోసేటప్పుడు గ్లాసు ముందు కోసిన గుంట మీద పడితే పూరీకి ఒక పక్క చంద్రవంక కొరికినట్టు పోతుంది కదా, నాణెమూ అంతే. బిళ్ల సరిగ్గా నడుమ కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకి జరిగి, ఇంకో పక్క బోడిగా ఉంటుంది. అచ్చుకే పగులు వస్తే, ఆ పగుల్లోకి లోహం వెళ్లి నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది. ఇక కొట్టిన నాణెం ఒకటి బయటికి రాకుండా పై అచ్చుకే అతుక్కుపోయిందనుకోండి, తర్వాత వచ్చే బిళ్ల మీద అచ్చుకి బదులు ఆ నాణెమే దెబ్బ వేస్తుంది. అప్పుడు పుట్టేదే ఇది. సేకరించేవాళ్లు 'లఖీ' అంటారు. లక్షలో ఒకటట.

తప్పు ముద్ర అని మీకు అనిపించినవన్నీ తప్పు ముద్రలు కావు. నూటికి తొంభై తొమ్మిది టంకశాల దాటాక తిన్న దెబ్బలే. ఉబ్బెత్తు గీత అయితే అచ్చు పగులు, గోరు పెడితే లోపలికి దిగే గీత అయితే ఎవరో గీసిన గీత. అంచు కొరికినట్టు ఉంటే దానికి సరిగ్గా ఎదుటి అంచుని చూడండి. అక్కడ అంచు నీరసంగా, పలచగా పడి ఉంటే టంకశాల తప్పే. ఎందుకంటే అంచు లేపేటప్పుడు ఈ పక్క లోహం లేక ఆ పక్క ఒత్తిడి తగ్గుతుంది. ఎదుటి అంచు బ్రహ్మాండంగా ఉంటే ఎవరో ఆకురాయితో అరగదీశారు. పది రూపాయల బిళ్లలో మధ్య ముక్క ఊడిపోయినవి చాలామంది పంపుతుంటారు, సుత్తి పెట్టి కొడితే ఎవరికైనా ఊడుతుంది. రెండు పక్కలా ఒకే బొమ్మ ఉన్న నాణెమైతే అంచు చుట్టూ గోరుతో తడమండి, రెండు సగాలు అతికించిన సన్నని గీత తగులుతుంది. అవి ఇంద్రజాలం చేసేవాళ్ల సరుకు.

లఖీని కూడా దొంగగా చేస్తారు. మంచి నాణెం మీద ఇంకో నాణెం పెట్టి పట్టకర్రలో బిగించి నొక్కుతారు. అప్పుడు గుంట పడుతుంది గాని, రెండో పక్క బొమ్మ చదునైపోతుంది. అసలు పడాల్సిన అంకె ఆనవాలు కూడా కింద ఎక్కడో మిగులుతుంది. అత్తమ్మదానిలో సింహాల జూలు రెండో పక్క చెక్కుచెదరలేదు. గుంట పక్కన 10 అంకె జాడ లేనే లేదు.

"ఇదెక్కడిదత్తమ్మా?"

చెప్పింది. మామ అన్నానికి పోయినప్పుడు దుకాణంలో ఈవిడ కూర్చునేదట. ఎవరో పిల్లాడు బెల్లం ముక్కకి ఈ బిళ్ల ఇచ్చి పోయాడు. సాయంత్రం గల్లా లెక్కపెడుతూ మామ పట్టుకున్నాడు. "కండ్లు కనవడ్తలేవా, చెల్లని పైస దీస్కున్నవ్" అని అందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా ఆ పది పైసల మాటే. రోషానికి ఈవిడ దాన్ని డబ్బాలో పడేసి ఉంచింది. పారేయలేదు. తోమనూ లేదు, చెల్లని దాన్ని తోమడం ఎందుకని.

మర్నాడు ఆవిడని వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చి, నాకు చాలా ఏళ్లుగా తెలిసిన ఒక నాణేల దుకాణానికి తీసుకెళ్లాను. దాన్నొక్కచోటే చూపించి వదలకుండా ఇంకో ఇద్దరికీ చూపించాను. మీరూ అలాగే చేయండి. ఒకరి మాట మీద అమ్మొద్దు. నాణేల ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్తే ఒకే హాల్లో పదిమంది వ్యాపారులుంటారు. ఒక మాట గుర్తుంచుకోండి, ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చినవి వేరు, పొలం దున్నుతుంటే దొరికినవి వేరు. నేలలో దొరికిన నిధి గురించి కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. వందేళ్లు దాటిన నాణేల్ని విదేశాలకి పంపడం కూడా కుదరదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి సరదాగా పార్సిల్ చేద్దామనుకునేవాళ్లు ముందు ఆలోచించుకోండి.

మొదటి ఆయన లఖీకి 1,500 అన్నాడు. రెండో ఆయన 1,800. మూడో ఆయన భూతద్దం పెట్టి అయిదు నిమిషాలు చూసి 2,200 అన్నాడు. తోమిన చార్మినార్ రూపాయికి ముగ్గురూ వెండి ధర మీద పెద్దగా కలపలేదు. తోమకముందు ఎంత వచ్చేదో అడగబోయి మానుకున్నాను, అత్తమ్మ పక్కనే ఉంది.

2,200కి ఇచ్చేద్దామా అని చూశాను ఆవిడ వైపు. ఆవిడ ఆ బిళ్లని వ్యాపారి చేతిలోంచి తీసుకుంది.

"పది పైసలకు ఇరవై ఏండ్లు దెప్పిండు మీ మామ. ఇది ఇస్తనా నేను? ఆయన ఫోటో ముందల పెడత."

కంటి ఆపరేషన్ సంగతి మేం చూసుకున్నాం లెండి, నేనూ మా తమ్ముడూ కలిసి. వచ్చే నెల్లో ఉంది.

తిరిగి బస్సెక్కించేముందు బస్టాండులో టీ తాగుతూ చిల్లర తీసి ఆవిడకి ఒక ఆట నేర్పాను. ఏ బిళ్ల అయినా తీసుకుని సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌ది, ఇప్పుడు చర్లపల్లిలో కొడుతున్నారు. వజ్రం ఆకారం ఉంటే ముంబయి. చిన్న బొట్టు ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి కింద ఇంగ్లిషు 'హెచ్' కనిపిస్తే అది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో కొట్టించింది. ఆవిడ టీ చల్లారిపోయేదాకా పర్సులో బిళ్లలన్నీ తిప్పి చూసింది. "మనది, మనది, బొంబాయిది, బొట్టుది..." అని పక్కన కూర్చున్నావిడకి కూడా నేర్పింది.

మొన్న శుక్రవారం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి నవ్వుతూ. ఆ 'అమ్మా అమ్మా' గొంతే మళ్లీ చేశాడట, 18,000 కుదరకపోతే 5,000 అయినా పంపమని.

"మరి ఏమన్నావ్?"

"నా బిళ్ల ఫోటో నీ దగ్గరున్నది గద, కింద నక్షత్రమున్నదా, బొట్టున్నదా జెప్పు కొడుకా, అప్పుడు పంపుత అన్న. పెట్టేసిండు."